గడియ వెనక ఉల్లిపాయలు

మా వెనక సందులో బస్సు డిపో వాళ్ల క్యాంటీన్ ఉంది. అక్కడ వంట చేసే మనిషి ఉల్లిపాయల్లో ఏదో మందు కలుపుతుందని ఒక మాట వీధిలో తిరుగుతోంది. అందుకే డిపో వాళ్లు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవడం మానేసి అక్కడే తింటున్నారట. అందుకే క్యాంటీన్ ఓనరు ఆమె ముందు పిల్లిలా ఉంటాడట. అందుకే ఉల్లి వేయించే వేళకు ఆమె లోపల గడియ పెట్టుకుంటుందట. ఈ మాట మా పక్కింటి కుట్టుమిషను కోడలి దగ్గర బయలుదేరి, పాలవాడి నోట పడి, వీధంతా తిరిగి చివరికి నా గుమ్మంలోకే వచ్చి "మీకింకా తెలీదా పిన్నీ" అని నన్నే అడిగింది.

నాకు తెలియకపోవడమేమిటి? మా వంటింటి వెనక వసారాకూ ఆ క్యాంటీన్ కిటికీకీ మధ్య ఒక తోపుడుబండి పట్టేంత సందు తప్ప ఏమీ లేదు. అక్కడ మూత జారితే ఇక్కడ నేను తలెత్తుతాను. మందూ లేదు, మాకూ లేదు. ఆమె ఇప్పటికీ ఆ పొయ్యి దగ్గరే ఉంది, ఉంటుంది కూడా. అక్కడ జరిగిందేమిటో నేను కళ్లారా చూశాను కాబట్టి నేనే చెప్పాలి.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది కానీ వీధిలో ఎవరూ దాన్ని వాడరు. అందరికీ గడియక్కే. తలుపు గడియ చప్పుడు వినపడితే ఉల్లిపాయలు పొయ్యెక్కాయని అర్థం. డిపోలో ఆ చప్పుడు విని చేతులు కడుక్కునే మెకానిక్కులు ఉన్నారు.

గడియక్క పుట్టింది కూరగాయల మార్కెట్టు వెనక ఒంటిగది ఇంట్లో. వాళ్లమ్మ టోకు కొట్టు ముందు కూర్చుని ఉల్లిపాయలు ఏరేది, గట్టివి ఒక గంపలోకి, మెత్తబడినవి ఇంకో గంపలోకి. ఈమెకు నడక వచ్చింది ఆ బస్తాల మధ్యే. బడికి పంపితే పక్క పిల్లలు ఉల్లి కంపు అని ముక్కు మూసుకుని దూరం జరిగేవాళ్లట. "నాకది కంపని తెలీదు పిన్నీ, మా అమ్మ వాసన అనుకునేదాన్ని" అని ఒకసారి నాతో అంది. ఆ మాట నవ్వుతూనే అంది కానీ నాకు నవ్వు రాలేదు.

పెళ్లి చేసుకున్నది ఈ డిపో కండక్టరునే. అతను టికెట్టు చింపినంత తేలిగ్గా సంసారం చింపేసి ఇంకో ఊరి బస్సెక్కాడు. పిల్లలు లేరు. కడుపు మాత్రం ఉంది కదా, క్యాంటీన్‌లో ఉల్లి తరిగే పనికి కుదిరింది. అప్పట్లో అక్కడ ఒక ముసలి వంటాయన ఉండేవాడు. ఎవర్నీ మెచ్చుకోని మనిషి. ఈమె తరుగుతుంటే మాత్రం వెనకే నిలబడి చూసేవాడు. పొట్టు ఒక్క లాగుకు వచ్చేది, కింద వేళ్ల కొస మాత్రం ఉంచేది, రేకలు విడిపోకుండా కత్తి వరసగా దిగేది, చివర్న ఆ కొస విదిలించి పారేసేది. "కూర ఎవడైనా వండుతాడమ్మాయ్, ఉల్లి వేయించడం వచ్చినవాడే వంటవాడు" అనేవాడు ముసలాయన. మోకాళ్లు మొరాయించి ఇంటికి పోతూ తెడ్డు ఈమె చేతికిచ్చి పోయాడు.

ఆయన అన్న మాట అబద్ధం కాదు. నా వంటింట్లో వంకాయ లేని రోజుంటుంది, టమాటా లేని వారముంటుంది. ఉల్లిపాయ లేని పూట ఉండదు. ఇంట్లో కూరగాయలేమీ లేవు అన్నామంటే ఉల్లిపాయలు తప్ప ఏమీ లేవని అర్థం, దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోరు. చెప్పకుండా చుట్టాలొస్తే రెండు ఉల్లిపాయలు ఎక్కువ తరిగితే కూర పెరుగుతుంది. ఉప్పెక్కువైతే అదే కప్పిపుచ్చుతుంది. నిన్నటి అన్నానికి ఇవాళ్టి మొహం పెడుతుంది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని ఊరికే అనలేదు. అయితే ఆ సామెత కట్టినవాడు ఎన్నడూ ఉల్లి తరిగి ఉండడని నా అనుమానం. తరిగి ఉంటే మేలుతో పాటు ఏడిపించే సంగతి కూడా కలిపేవాడు, అప్పుడది తల్లికి ఇంకా బాగా సరిపోయేది.

గడియక్క వేయించిన ఉల్లి తింటే ఆ మేలు ఎలాంటిదో నాలుకకు తెలుస్తుంది. ఇంత పెద్ద ఇనప బాణలి, అందులో గుట్టగా తరుగు. అదంతా వాలిపోయి, నీళ్లు వదిలి, చివరికి బెల్లం రంగులో గుప్పెడంత మిగులుతుంది. దాంట్లో ఏం వేసి వండినా కూర అవుతుంది. డిపో డ్రైవర్లు కంచం అంచున వేలు పెట్టి నాకడం నేను చూశాను. మీసాలున్న పెద్దమనుషులు.

మొదట్లో ఆమె తలుపు బార్లా తీసి వండేది. సందులో పోయేవాళ్లందరితో మాటలే. నాకూ మంచి కాలక్షేపంగా ఉండేది. తర్వాత ఆమెకు జ్వరం వచ్చింది, మామూలు జ్వరం కాదు. మంచం దిగి పనిలోకి వచ్చేసరికి మనిషి సగమైంది. వచ్చిన రోజే కూర మాడిందని ఓనరు గొణిగాడు, నీరసం అనుకున్నాం. ఆ తర్వాత కూర మళ్లీ దారిలో పడింది కానీ, అప్పటినుంచే ఈ గడియ మొదలైంది.

నిన్నటిదాకా తెరిచి ఉన్న తలుపు ఇవాళ మూసుకుంటే లోపల ఏదో ఉన్నట్టే. ఇది నేను మూడో తరగతి చదివి నేర్చుకున్నది కాదు, బతికి నేర్చుకున్నది. అందుకని మా వసారాలో పీట కాస్త ఎడంగా జరుపుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. అక్కడినుంచి కిటికీ నేరుగా కనపడుతుంది. పప్పులో రాళ్లు ఏరుకోవడానికి వెలుతురు కావాలి కదా.

మొదటి అనుమానం పాల దగ్గర. పొద్దున క్యాంటీన్‌కు పాలు రాగానే గడియక్క ఒక గ్లాసుడు పట్టుకుని సందు దాటి వచ్చేది. "పిన్నీ, ఈ పాలు చూడండి, మీకెలా అనిపిస్తున్నాయి" అనేది. నేను వాసన చూసి బాగున్నాయనేదాన్ని. ఒకరోజు బాగాలేవు, విరిగేట్టున్నాయన్నాను. ఆమె తన ముక్కు దగ్గర కూడా పెట్టుకోకుండా అటే తిరిగి పాలు మొత్తం కాలవలో పారబోసింది. ఇదేం మనిషి అనుకున్నాను. రేపు ఎవరికైనా కడుపు నొప్పి వస్తే పిన్నిగారే బాగున్నాయన్నారు అని నా మీదికి తోయడానికి సాక్ష్యం తయారుచేసుకుంటోందా అని కూడా అనుకున్నాను. అయినా పొద్దున్నే ఆ గ్లాసు కోసం ఎదురు చూసేదాన్ని.

రెండో అనుమానం కిటికీ దగ్గర. ఒకరోజు గడియ పడగానే లేచి కరివేపాకు కోసుకునే వంకతో గోడ దగ్గరికి వెళ్లాను. లోపల గడియక్క బాణలి మీదికి వంగి ఉంది. చూడటానికి కాదు. చూసేవాళ్లు మొహం పెడతారు, ఆమె చెంప పెట్టింది. ఒక చెవి బాణలి వైపు, కళ్లు మూసుకుని, ఎవరో చెప్పేది వింటున్నట్టు మధ్య మధ్య ఊ, ఊ అని తలాడిస్తోంది. ఉన్నట్టుండి కళ్లు తెరిచి తెడ్డుతో అడుగునుంచి ఒక్క తిప్పు తిప్పి మళ్లీ చెంప పెట్టింది.

నా ఒక్కదాని కళ్లు చాలవని మర్నాడు కుట్టుమిషను కోడల్ని కూడా పిలిచి చూపించాను.

"మంత్రమేదో నడుస్తోంది పిన్నీ" అంది ఆమె, గొంతు తగ్గించి.

"పెదాలు కదలడంలేదుగా."

"లోపల్లోపల చదువుతారు. మందు పెట్టేవాళ్ల పద్ధతే అంత."

"నువ్వెప్పుడు చూశావు మందు పెట్టేవాళ్లని?"

"మా అత్తగారి వంట మీరు తినలేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. మా ఆయన లోపలినుంచి పేపరు దించి, "నీకు ఆ కిటికీ ఎంత దూరమో ఆ కిటికీకి నువ్వూ అంతే దూరం, ఆమెకూ కళ్లున్నాయి" అన్నారు. ఆయనకు ఏ విషయంలోనూ ఆసక్తి లేదు. అందుకే ఆయనకు ఏమీ తెలియదు.

ఇదిలా ఉండగా కుట్టుమిషను కోడలికి ఇంకో బాధ వచ్చిపడింది. ఆమె కుట్టి తగిలించిన కొత్త బట్టలకు క్యాంటీన్ ఉల్లి వాసన పట్టుకుంటోందని గిరాకీలు వెనక్కి తెస్తున్నారు. ఒకావిడ జాకెట్టు విసిరికొట్టి, "కుట్టమన్నాను, తాలింపు పెట్టమనలేదు" అందట. కోడలు వెళ్లి ఓనరు మీద పడింది. ఓనరు మెత్తని మనిషి, నలుగురు చెబితే ఐదో మాట తనది కలపడు. పొగ బయటికి లాగే ఫ్యాను గోడకు పెట్టిస్తానని, డిపో పైకప్పు మీదుగా పోయేలా గొట్టం వేయిస్తానని మాటిచ్చాడు.

ఆ రోజు వెనక గుమ్మంలో వాళ్లిద్దరి మాటలూ నేను విన్నాను.

"ఫ్యాను వద్దు బాబూ" అంది గడియక్క.

"ఎందుకొద్దక్కా, నీ మంచికే కదా. పొగలో చస్తున్నావు."

"చలేస్తుంది."

"పొయ్యి ముందు చలా?"

"నాకు వేస్తుంది."

ఓనరు నవ్వాడు. నేను నవ్వలేదు. పొయ్యి ముందు చలి అంటే అది చలి కాదు, సాకు. పొగ పోవడం ఇష్టంలేని వంటమనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. లోపలి వాసన బయటికి లాగితే దొరికిపోయేదేదో ఉంది, అందుకే వద్దంటోంది అని నాకు నేను తీర్పు చెప్పేసుకున్నాను.

ఫ్యాను వచ్చింది. డిపో వర్క్‌షాపులో పడి ఉన్న పాతది, రెక్కలు మంచాలంత ఉన్నాయి. మీట నొక్కితే నిండు బస్సు మొదటి గేరులో ఎత్తెక్కుతున్నంత మోత. మా వసారాలో గ్లాసులు వణికాయి. ఆ మోతలో గడియ చప్పుడు కూడా నాకు వినపడలేదు.

కాసేపటికి వాసన వచ్చింది. ఏ గొట్టం గుండా పంపితే మాత్రం మాడిన ఉల్లి ఎక్కడికి పోతుంది? మా ఆయన పేపరు పక్కన పెట్టి లేచారంటే అర్థం చేసుకోండి. "ఏదో మాడుతోంది" అన్నారు. కోడలు మిషను ఆపి బయటికొచ్చింది. డిపో గేటు దగ్గర వాచ్‌మన్ ముక్కు మూసుకున్నాడు. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తాను. బాణలిలో పైన ఉల్లి ఇంకా తెల్లగానే ఉంది. గుట్ట అంత పెద్దది, అడుగున మాడుతున్నది పైకి కనపడదు. పక్కలనుంచి సన్నగా పొగ లేచి నేరుగా ఫ్యానులోకి పోతోంది. ఆ పొగకు జానెడు దూరంలో గడియక్క చెంప పెట్టి, చెవి వెనక అరచెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది.

"మాడుతోందే" అని అరిచాను. ఫ్యాను మింగేసింది. కిటికీ చువ్వలు కొట్టాను. అప్పుడు కళ్లు తెరిచి నా మొహం చూసి, తెడ్డు వేసి తిప్పింది. అడుగునుంచి బొగ్గు పైకి లేచింది. అప్పుడా మనిషి మొహంలో నేను చూసినది దొరికిపోయిన దొంగ భయం కాదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ లేనప్పుడు మన మొహం ఎలా పెడతామో, అలా ఉంది.

మర్నాడు భయపడి తిప్పుతూనే ఉంది. దాంతో ఉల్లి వేగలేదు, ఉడికింది. కూర నీళ్లనీళ్లగా, పచ్చివాసనతో. ఆ తర్వాత మళ్లీ మాడింది. డ్రైవర్లు కంచాలు నెట్టేశారు. "అక్క చేతికి ఏదో అయింది" అన్నవాళ్లు కొందరు, "అక్కకు పొగరెక్కింది" అన్నవాళ్లు ఎక్కువమంది. డిపోలోకి మళ్లీ ఇంటి డబ్బాలు రావడం మొదలైంది. ఓనరు మా గుమ్మంలో నిలబడి వాపోయాడు.

"చూశారా పెద్దమ్మా, ఒకరోజు పచ్చి, ఒకరోజు బొగ్గు. ఫ్యాను మీద కోపం నా కూర మీద తీర్చుకుంటోంది. ఇన్నేళ్ల మనిషని ఊరుకుంటే నెత్తికెక్కింది. ఇంకో వంటాయన్ని మాట్లాడేశాను. రేపు ఆమెకు చెప్పేస్తాను, కత్తీ తెడ్డూ అక్కడ పెట్టి పొమ్మని."

"కావాలనే మాడ్చిందంటావా?"

"మరి? పొయ్యి మీదికి వంగి నిలబడింది కదా. ముక్కున్న మనిషి ఎవరికైనా తెలీదా?"

అతను వెళ్లాడు కానీ ఆ చివరి మాట మా గుమ్మంలోనే ఉండిపోయింది. పాలగ్లాసు గుర్తొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకోకుండా పారబోసిన పాలు. బాణలికి చెంప. జ్వరం. నా అనుమానం ఎప్పుడూ తప్పు కాదు, ఒక్కోసారి చిరునామా తప్పుతుందంతే.

మా ఉల్లిగంపలో అడుగున ఒకటి కుళ్లింది. ఉల్లి ఎంత మంచిదో కుళ్లితే అంత ఘోరం, దాని మొహాన నీళ్లు చల్లినా వాసన చావదు. దాన్ని గుడ్డసంచిలో వేసుకుని బయలుదేరాను. మా ఆయన సంచి వైపు చూసి ఒక్క మాటైనా అనకుండా ముందు గదిలోకి మారిపోయారు.

గడియక్క క్యాంటీన్ వెనక మెట్టు మీద కూర్చుని ఉల్లి తరుగుతోంది. నేను పక్కన కూర్చుని సంచి మా ఇద్దరి మధ్య మూతి తెరిచి పెట్టాను. నోటితో గాలి పీల్చుకుంటూ ఎండ గురించి మాట్లాడాను, ఆమె మోకాలి గురించి మాట్లాడాను. సందులో తిరిగే పిల్లి వచ్చి సంచిలో మూతి పెట్టి, వెనక్కి నాలుగు గంతులు వేసి పోయింది.

"దీనికేమొచ్చింది ఇవాళ" అంది గడియక్క. తరుగుతూనే ఉంది. కళ్లనుంచి ధారగా నీళ్లు కారుతున్నాయి, మోచేత్తో తుడుచుకుంటోంది. ఉల్లి ఆమె కంటికి తగులుతోంది. ముక్కుకు తగలడంలేదు.

అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె తలెత్తి, "ఏంటి పిన్నీ, ఇవాళ ఏమీ అడగట్లేదు" అంది. ఏమీ లేదని సంచి మూతి బిగించుకుని వచ్చేశాను. వంటమనిషికి ముక్కు లేదని బయటపడితే కూడు పోతుంది. బయటపడకపోతే కావాలని మాడ్చిందన్న పేరుతో ఎలాగూ పోయేట్టుంది. రెండు వైపులా గొయ్యే. అందులో ఏది లోతు తక్కువో నేనెలా చెప్పను?

మర్నాడు ఓనరు అన్నంత పనీ చేశాడు. ఫ్యాను మోగుతోంది, పొయ్యి మీద ఉల్లి పడింది, ఓనరు తలుపు కొట్టి గడియ తీయించి గుమ్మంలో నిలబడ్డాడు. మోత మీద అరవాలి కాబట్టి ఆ మెత్తని మనిషి గొంతు కూడా గట్టిగానే వచ్చింది. నేను మా వసారా దిగి సందు దాటి అతని వెనకే నిలబడ్డాను. నన్నెవరూ పిలవలేదు. నన్నెప్పుడూ ఎవరూ పిలవరు.

"ఈ పూట వండేసి వెళ్లు అక్కా. రేపట్నుంచి వేరే ఆయన వస్తాడు."

తెడ్డు పట్టుకున్న గడియక్క చెయ్యి బాణలి అంచు మీద ఉంది.

"నేనేం తక్కువ చేశాను నీకు? ఫ్యాను నీకోసమే కదా పెట్టించాను. అది ఇష్టంలేకపోతే నా మొహాన చెప్పాలి, తిండి మాడ్చడమేంటి? తిండి మీదా కోపం?"

"తిండి మీద కోపమా" అంది ఆమె మెల్లగా. పెదాల కదలికను బట్టి నాకు తెలిసింది కానీ వినపడలేదు. ఆమె కళ్లు అతని మీద లేవు, బాణలి మీదే ఉన్నాయి.

ఇక ఆగలేకపోయాను. అతన్ని పక్కకు నెట్టి లోపలికి పోయి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"నిన్ను సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. నీకు వాసన తెలుస్తుందా, తెలీదా?"

గడియక్క నా వైపు చూసింది, ఓనరు వైపు చూసింది. ఏ గోతిలో దూకాలో నిర్ణయించుకున్న మనిషిలా తెడ్డు రెండు చేతులతో పట్టుకుని, ఫ్యాను మోత మీద గొంతు పెంచింది.

"తెలీదు పిన్నీ. ఆ జ్వరం పోతూ పోతూ ముక్కును పట్టుకుపోయింది. చెబితే పొయ్యి దగ్గర ఉండనిస్తారా? కానీ ఉల్లిపాయ నన్ను వదల్లేదు. బాణలిలో పడగానే గోలగోలగా అరుస్తుంది, నీళ్లు పోయేకొద్దీ గొణుగుతుంది, ఎర్రబడబోయే ముందు కాసేపు నోరు మూసుకుంటుంది. అదిగో అప్పుడు దించాలి. పక్కన ఎవరు మాట్లాడినా నాకది అందదు, అందుకే గడియ. రేపు వేరే ఆయన్ని పెట్టుకుంటే పెట్టుకోండి బాబూ, ముక్కు లేని వంటమనిషని వీధంతా చెప్పుకోండి, పిన్నిగారికి చెప్పకపోతే అన్నం సహించదు కూడా. కావాలని మాడ్చానని మాత్రం అనొద్దు. ఇప్పుడు మీ ఇద్దరూ కాసేపు మాట్లాడకుండా, ఆ మీట ఆపండి. అక్కడ అదేదో అంటోంది, నాకు వినపడటంలేదు."